889 ఓట్ల తేడా: 1876లో సౌత్ కరోలినా ఎవరిని గెలిపించింది?

1876 నవంబరు 7న సౌత్ కరోలినా ఓటర్లు దేశాధ్యక్షుడికీ, తమ రాష్ట్ర గవర్నర్‌కీ ఒకే రోజు ఓటేశారు. అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థి రూథర్‌ఫర్డ్ హేస్‌కు 91,786 ఓట్లు, డెమొక్రాట్ సామ్యూల్ టిల్డెన్‌కు 90,897 ఓట్లు వచ్చాయి. హేస్ ఆధిక్యం 889. గవర్నర్ లెక్క తిరగబడింది. డెమొక్రాట్ వేడ్ హ్యాంప్టన్‌కు 92,261, పదవిలో ఉన్న రిపబ్లికన్ గవర్నర్ డేనియల్ చేంబర్లెయిన్‌కు 91,127. ఇక్కడ 1,134 ఓట్లతో డెమొక్రాట్లు ముందున్నారు.

ఒకే రోజు, అవే జనం, రెండు రకాల తీర్పు. ఇందులో అంత చిక్కేముంది, మన దగ్గర కూడా లోక్‌సభకు ఒకరికీ అసెంబ్లీకి ఇంకొకరికీ వేస్తారు కదా అనిపించవచ్చు. చిక్కు ఆ అంకెల వెనక ఉంది. ఆ రోజు రాష్ట్రంలో పోలైన ఓట్లు అర్హులైన ఓటర్ల సంఖ్యను దాటిపోయాయని, దాదాపు 101 శాతం పోలింగ్ అని చరిత్రకారులు లెక్కగట్టారు. అంటే 889 అనే అంకెలో దొంగ ఓట్లున్నాయి. భయపడి ఇంట్లో ఉండిపోయిన వాళ్ల ఓట్లు లేవు. అయినా అమెరికా అధ్యక్షుడెవరో తేల్చడంలో ఆ అంకెకు భాగం ఉంది.

ముందు దేశం లెక్క చూద్దాం. అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకునేది ఎలక్టర్లు. ప్రతి రాష్ట్రానికీ ఇన్ని ఎలక్టర్ ఓట్లని ఉంటాయి, రాష్ట్రంలో గెలిచిన పార్టీకి మామూలుగా అవన్నీ వెళ్తాయి. 1876లో మొత్తం 369, గెలవాలంటే 185 రావాలి. దేశం మొత్తం మీద హేస్ కంటే టిల్డెన్‌కు సుమారు రెండున్నర లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఎలక్టర్ ఓట్లు కూడా 184 చేతిలో ఉన్నాయి, ఒక్కటే తక్కువ. హేస్ దగ్గర వివాదం లేనివి 165. మిగిలిన 20 వివాదంలో పడ్డాయి: లూసియానావి 8, సౌత్ కరోలినావి 7, ఫ్లోరిడావి 4, ఆరెగాన్‌లో ఒకటి. టిల్డెన్‌కు వీటిలో ఏ ఒక్కటి దక్కినా సరిపోతుంది. హేస్‌కు ఇరవైకి ఇరవై కావాలి. సౌత్ కరోలినా చేజారితే హేస్ పని అయిపోయినట్టే.

సౌత్ కరోలినా ప్రజలకు అధ్యక్షుడికి ఓటెయ్యడం అప్పటికి చాలా కొత్త. 1860 దాకా అక్కడ ఎలక్టర్లను శాసనసభే ఎంపిక చేసేది, సామాన్య తెల్లవాళ్లకు కూడా అందులో నేరుగా పాత్ర లేదు. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిశాక, 1868లో మొదటిసారి జనం ఓటుతో ఎలక్టర్లను ఎన్నుకున్నారు. 1876 అలాంటి మూడో ఎన్నిక మాత్రమే. ఆ మూడుసార్లూ ఓటేసిన వాళ్లలో పెద్ద భాగం అంతకు కొన్నేళ్ల ముందు దాకా బానిసలుగా బతికిన నల్లజాతి మగవాళ్లు. 1870 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో ఉన్న 7 లక్షల 5 వేల మందిలో 4 లక్షల 15 వేల మంది నల్లజాతివాళ్లే. వాళ్లంతా దాదాపుగా రిపబ్లికన్లు, లింకన్ పార్టీ వాళ్లు.

అందుకే మొదట్లో పోటీ ఏకపక్షంగా సాగింది. 1868లో రిపబ్లికన్ అభ్యర్థి గ్రాంట్‌కు 62,301 ఓట్లు వస్తే డెమొక్రాట్‌కు 45,237. 1872లో చాలామంది తెల్లవాళ్లు ఓటెయ్యడానికే రాలేదు, గ్రాంట్‌కు 72,290, ఆయన ప్రత్యర్థికి 22,699. ఈ ఆఖరి అంకెను గుర్తుపెట్టుకోండి. నాలుగేళ్లు తిరిగేసరికి అది 90 వేలు దాటింది.

ఆ పెరుగుదల ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఒక చిన్న ఊరి దగ్గర ఆగాలి. సవానా నది ఒడ్డున, జార్జియాలోని అగస్టా నగరానికి ఎదురుగా హ్యాంబర్గ్ ఉండేది. నల్లజాతివాళ్ల ఊరు. ఊరి పోలీసు అధికారి, అంటే మార్షల్ వాళ్లవాడే, మేజిస్ట్రేటూ వాళ్లవాడే. 1876 జులై 4, అమెరికా నూరేళ్ల పండగ రోజు, ఊరి వీధిలో నల్లజాతి మిలీషియా (పౌరులతో ఏర్పడిన సాయుధ దళం) కవాతు చేస్తోంది. బండిలో వచ్చిన ఇద్దరు తెల్ల యువకులు దారి ఇవ్వమన్నారు. వీధి వెడల్పుగా ఉంది, పక్క నుంచి వెళ్లొచ్చు కదా అని మాటామాటా పెరిగింది. చివరికి మిలీషియా వరస విడదీసి దారి ఇచ్చింది, బండి వెళ్లిపోయింది. అక్కడితో అయిపోవాల్సిన గొడవ.

కానీ మిలీషియా మీద కేసు పెట్టారు. విచారణ జులై 8న. తెల్ల యువకుల తరఫున వకాల్తా తీసుకుని వచ్చినవాడు మాథ్యూ బట్లర్, యుద్ధంలో దక్షిణాది సైన్యంలో జనరల్. ఆయనతో పాటు వందల మంది తుపాకులతో దిగారు. మిలీషియా ఆయుధాలు తనకు అప్పగించాలన్నాడు బట్లర్. ప్రభుత్వం ఇచ్చిన ఆయుధాలు ప్రైవేటు మనిషికి ఎందుకివ్వాలని మిలీషియా వాళ్లు ఒక ఇటుకల భవనంలోకి వెళ్లి తలుపులేసుకున్నారు. కాల్పుల్లో ఒక తెల్లవాడు చనిపోయాడు. నది అవతలి నుంచి ఫిరంగి తెచ్చారు. చీకటి పడ్డాక లోపలివాళ్లు తప్పించుకోబోతే పాతిక మంది దాకా పట్టుబడ్డారు. వాళ్లలో కొందరిని పేరు పిలిచి ఒక్కొక్కరినే బయటికి తీసి కాల్చేశారు. ఊరి మార్షల్‌నూ చంపేశారు. గాయాలతో తర్వాత పోయినతనితో కలిపి ఏడుగురు నల్లజాతివాళ్లు చనిపోయారు. తొంభై మందికి పైగా తెల్లవాళ్ల మీద ఆరోపణ నమోదైంది. ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆ మరుసటి ఏడాది బట్లర్ అమెరికా సెనేటర్ అయ్యాడు.

హ్యాంబర్గ్ దాకా రాష్ట్రంలోని డెమొక్రాట్లలో రెండు ఆలోచనలుండేవి. చేంబర్లెయిన్ మాసచూసెట్స్ నుంచి వచ్చిన లాయరు, యుద్ధంలో నల్లజాతి సైనికుల దళంలో ఆఫీసరు. ఖర్చులు తగ్గించి, అవినీతి మీద గట్టిగా నిలబడి తెల్లవాళ్లలో కూడా కొంత మంచిపేరు తెచ్చుకున్నాడు. ఆయనతో సర్దుకుపోదామని ఒక వర్గం అనేది. హ్యాంబర్గ్ హత్యల్ని ఆయన గట్టిగా ఖండించి, అధ్యక్షుడు గ్రాంట్‌ను సాయం అడిగేసరికి ఆ దారి మూసుకుపోయింది. యుద్ధానికి ముందు దక్షిణాదిలోనే పెద్ద బానిస యజమానుల్లో ఒకడు, అశ్విక దళం నడిపిన సేనాని వేడ్ హ్యాంప్టన్‌ను డెమొక్రాట్లు నిలబెట్టారు.

హ్యాంప్టన్ వేదికల మీద మెత్తగా మాట్లాడేవాడు. నల్లజాతివాళ్ల హక్కుల్ని కాపాడతానని మాట ఇచ్చేవాడు. ఆ మాట నమ్మి మార్టిన్ డెలానీ లాంటి పేరున్న నల్లజాతి నాయకుడు కూడా ఆయన వైపు వచ్చాడు. వేదిక కింద నడిచిన పని వేరు. ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతపు మార్టిన్ గ్యారీ అనే మాజీ జనరల్ ప్రచారానికి ఒక ప్రణాళిక రాశాడు. ప్రతి డెమొక్రాటూ కనీసం ఒక నల్లజాతి ఓటును, బెదిరించో కొనో రాకుండా ఆపో, తన అదుపులో పెట్టుకోవాలని అందులో రాతపూర్వకంగా ఉంది. ఎర్ర చొక్కాలు తొడుక్కుని గుర్రాల మీద వందల మంది రిపబ్లికన్ సభలకు వెళ్లి చుట్టూ నిలబడేవాళ్లు, తమ వాళ్లకూ మాట్లాడే టైమ్ ఇవ్వమని పట్టుబట్టేవాళ్లు. సెప్టెంబరులో ఎలెంటన్ చుట్టుపక్కల రోజుల తరబడి నల్లజాతివాళ్లను వేటాడి చంపారు. హింస ఒక్క వైపే సాగిందనను. అక్టోబరులో కైన్‌హాయ్ దగ్గర జరిగిన కాల్పుల్లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. డెమొక్రాట్లకు ఓటేస్తామన్న నల్లజాతివాళ్లను వాళ్ల జనమే కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. కానీ వేసవి నుంచి నవంబరు దాకా పోయిన ప్రాణాల్ని లెక్కేస్తే రెండు వైపులూ సమానం అని ఏ మనిషీ అనలేడు.

అక్టోబరు 17న గ్రాంట్ రైఫిల్ క్లబ్బుల్ని, అంటే ఈ ఎర్ర చొక్కాల సాయుధ బృందాల్ని రద్దు చేస్తూ ప్రకటన ఇచ్చి, వెయ్యి మందికి పైగా సైనికుల్ని రాష్ట్రంలో దింపాడు. క్లబ్బులు పేర్లు మార్చుకున్నాయి. ఒక బృందం తమది సంగీత మండలి అని రాసుకుంది, తమ దగ్గర పన్నెండు పిల్లనగ్రోవులు ఉన్నాయంది. ఒక్కోటి నాలుగు పౌన్ల గుండు పేల్చే రకం అని కూడా రాసింది. అంటే ఫిరంగులు. దాచుకోవాల్సిన అవసరమే వాళ్లకు కనిపించలేదు.

ఇక పోలింగ్. ఈ రోజు మనకు తెలిసిన ఏర్పాట్లేవీ అప్పుడు లేవు. ఓటర్ల జాబితా లేదు. రాష్ట్ర రాజ్యాంగం నమోదు చట్టం చెయ్యాలంది గానీ శాసనసభ చెయ్యలేదు. వేలికి సిరా లేదు. బ్యాలెట్ కాగితాన్ని ప్రభుత్వం కాదు, పార్టీలే అచ్చు వేసేవి. ఏ పార్టీ చీటీ పట్టుకుని పెట్టె దగ్గరికి వస్తున్నాడో చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనిపించేది. ఎర్ర చొక్కాల మధ్య నుంచి రిపబ్లికన్ చీటీతో నడవడం అంటే, నేను ఫలానా పార్టీ అని ఊరంతటి ముందూ, కూలి ఇచ్చే యజమాని ముందూ చెప్పడమే.

జాబితా లేకపోతే దొంగ ఓటును పట్టుకునే దారి లేదు. ఎడ్జ్‌ఫీల్డ్ కౌంటీలో (కౌంటీ అంటే జిల్లా లాంటిది) అర్హులైన ఓటర్ల కంటే 2 వేలకు పైగా ఎక్కువ ఓట్లు పోలయ్యాయి. నది దాటి జార్జియా నుంచి కూడా మనుషులొచ్చి ఓట్లేశారు. కౌంటీ కేంద్రంలో పోలింగ్ గదుల్ని గుర్రాలతో, మనుషులతో ముందే ఆక్రమించి నల్లజాతి ఓటర్లను దగ్గరికి రానివ్వలేదు. లారెన్స్ కౌంటీలోనూ ఇదే వరస. హ్యాంబర్గ్ దాడిలో పాల్గొన్న బెన్ టిల్‌మన్ ఎడ్జ్‌ఫీల్డ్ వాడే. తర్వాత గవర్నర్ అయ్యాడు, సెనేటర్ అయ్యాడు. 1900లో సెనేట్‌లో నిలబడి, పెట్టెల్లో ఓట్లు కుక్కామని, వాళ్లను కాల్చామని, అందుకు సిగ్గుపడటం లేదని చెప్పాడు. 1876 ఫలితం మీద ఇంతకంటే పెద్ద సాక్ష్యం వెతకాల్సిన పని లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం: హేస్, హ్యాంప్టన్ ఇద్దరూ ఎలా ముందున్నారు? కూడికలు తీసివేతలు చేస్తే ఇది అంత వింత కాదు. హ్యాంప్టన్‌కు టిల్డెన్ కంటే 1,364 ఓట్లు ఎక్కువ. చేంబర్లెయిన్‌కు హేస్ కంటే 659 తక్కువ. లక్షా ఎనభై వేల ఓట్లలో వెయ్యీ పదిహేను వందల మంది చీటీ మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసినా, అధ్యక్షుడి వరస ఖాళీగా వదిలేసినా ఈ తేడా వచ్చేస్తుంది. హ్యాంప్టన్ మనుషులకు కావలసింది రాష్ట్రం. టిల్డెన్ గెలుపు కోసం వాళ్లు పెద్దగా చెమటోడ్చలేదు. హేస్‌కూ హ్యాంప్టన్‌కూ కలిపి మద్దతు పలికిన రిపబ్లికన్లు కూడా కొందరు ఉన్నారు. పైగా అప్పట్లో ఏడుగురు ఎలక్టర్లకూ పేరుపేరునా లెక్క కట్టేవారు, అందుకే 889 అన్న అంకె కూడా కొన్ని పుస్తకాల్లో కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది.

అసలు విషయం నా దృష్టిలో వేరే ఉంది. 1876 వివాదం మీద రాసే చాలామంది ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా మూడింటినీ ఒకే గాటన కడతారు. అది సరికాదు. ఫ్లోరిడాలో, లూసియానాలో రిపబ్లికన్ల చేతిలో ఉన్న బోర్డులు కొన్ని చోట్ల ఓట్లను కొట్టేశాకే హేస్ గెలుపు ఖాయమైంది. సౌత్ కరోలినాలో ఆ అవసరం రాలేదు. 889 అన్నది ఎడ్జ్‌ఫీల్డ్, లారెన్స్ దొంగ ఓట్లన్నిటినీ అలాగే ఉంచి లెక్కేస్తే వచ్చిన తేడా. అంత చేసినా టిల్డెన్ వెనకే ఉండిపోయాడు.

ఇంకొక లెక్క చూడండి. 1874 గవర్నర్ ఎన్నికలో చేంబర్లెయిన్‌కు 80,403 ఓట్లు వచ్చాయి. 1876లో 91,127. హ్యాంబర్గ్, ఎలెంటన్ హత్యలయ్యాక, ఎర్ర చొక్కాలు ఊరూరా తిరిగాక, రిపబ్లికన్ ఓటు తగ్గలేదు, 10 వేలకు పైగా పెరిగింది. చార్లెస్టన్, బ్యూఫోర్ట్ లాంటి తీర ప్రాంతాల్లో నల్లజాతివాళ్ల సంఖ్యే వాళ్లకు రక్షణ. అక్కడ రిపబ్లికన్లు కూడా కొన్ని ఓట్లు కలిపే ఉంటారు, కాదనను. కానీ ఆ పెరుగుదలంతా దొంగ ఓట్లే అనడానికి లేదు. రెండో వైపు, రాష్ట్రంలోని తెల్ల మగవాళ్లంతా, మంచం మీదున్న ముసలివాళ్లతో సహా వచ్చి ఓటేసినా హ్యాంప్టన్‌కు 92 వేలు రావు. ఆ లోటును కొంత నల్లజాతి ఓట్లు పూడ్చాయి, కొంత భయం పూడ్చింది, మిగతాది పెట్టెల్లో కుక్కిన కాగితం. స్వేచ్ఛగా, ఒక్కడికి ఒక్క ఓటు చొప్పున ఎన్నిక జరిగి ఉంటే హేస్, చేంబర్లెయిన్ ఇద్దరూ హాయిగా గెలిచేవాళ్లని నేను నమ్ముతున్నాను.

పోలింగ్ తర్వాత గొడవ కోర్టుకెక్కింది. ఫలితాలు ప్రకటించే రాష్ట్ర బోర్డులో ఉన్నవాళ్లు రిపబ్లికన్ అధికారులే, వాళ్లలో కొందరు అదే ఎన్నికలో అభ్యర్థులు కూడా. మీరు లెక్క మాత్రం వేసి మాకు ఇవ్వండి, తీర్పు మేం చెప్తాం అంది రాష్ట్ర సుప్రీంకోర్టు. నవంబరు 22న బోర్డు ఆ ఆదేశం కోసం ఆగలేదు. హేస్ ఎలక్టర్లు గెలిచారని ప్రకటించి, ఎడ్జ్‌ఫీల్డ్, లారెన్స్ నుంచి శాసనసభకు ఎవరూ ఎన్నిక కాలేదని చెప్పి, సభ ముగించి వెళ్లిపోయింది. కోర్టు వాళ్లకు జరిమానా వేసి జైలుకు పంపింది, ఫెడరల్ జడ్జి విడిపించాడు. ఈ ఒక్క పని రిపబ్లికన్ల చేతుల్ని కూడా మురికి చేసింది. నిజం తమ వైపు ఉన్నప్పుడు పద్ధతి తప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు.

గవర్నర్ ఓట్లను లెక్కించాల్సింది శాసనసభ. ఆ రెండు కౌంటీల సభ్యులు లేకపోతే దిగువ సభ రిపబ్లికన్లది, ఉంటే డెమొక్రాట్లది. నవంబరు 28న రాష్ట్ర రాజధాని కొలంబియాలోని సభా భవనం గుమ్మం దగ్గర సైనికులు కాపలా ఉన్నారు. ఆ సభ్యుల్ని లోపలికి రానివ్వలేదు. డెమొక్రాట్లంతా వేరేచోట కూర్చుని తమ స్పీకర్‌ను ఎన్నుకున్నారు. రెండు రోజుల తర్వాత అదే భవనంలోకి దూసుకొచ్చి కూర్చున్నారు. ఒకే హాలు, ఒకే వేదిక, ఇద్దరు స్పీకర్లు. ఎవరు లేచి బయటికి వెళ్తే వాళ్లు సీటు పోగొట్టుకున్నట్టే అని నాలుగు రోజులు అక్కడే తిన్నారు, అక్కడే పడుకున్నారు. ఎప్పుడు ఎవరు తుపాకీ తీస్తారో అన్న టెన్షన్. డిసెంబరు 4న డెమొక్రాట్లు బయటికి వెళ్లిపోయారు. రిపబ్లికన్ సభ ఎడ్జ్‌ఫీల్డ్, లారెన్స్ ఓట్లు తీసేసి చేంబర్లెయిన్ గెలిచాడంది. డిసెంబరు 7న ఆయన ప్రమాణం చేశాడు, 14న హ్యాంప్టన్ కూడా చేశాడు. నాలుగు నెలలు రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లు. నిరుడు కట్టిన పన్నులో పదో వంతు నా ప్రభుత్వానికి కట్టండి అని హ్యాంప్టన్ పిలుపిస్తే భూములున్నవాళ్లు కట్టారు. చేంబర్లెయిన్ ఖజానాకు పైసా రాలేదు. ఆయన పాలన సైనికులున్న భవనం గోడల మధ్యే మిగిలింది.

వాషింగ్టన్‌లో 20 ఓట్ల సంగతి తేల్చడానికి కాంగ్రెస్ 15 మందితో కమిషన్ వేసింది. అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, అయిదుగురు సుప్రీంకోర్టు జడ్జీలు. ఏ పార్టీకీ చెందడనుకున్న జడ్జి డేవిడ్ డేవిస్‌ను ఇలినాయ్ శాసనసభ అదే సమయంలో సెనేటర్‌గా ఎన్నుకోవడంతో ఆయన తప్పుకున్నాడు. ఆ చోటులో రిపబ్లికన్ అయిన జోసెఫ్ బ్రాడ్లీ వచ్చాడు. దాంతో కీలకమైన ప్రతి నిర్ణయం 8-7తో హేస్ వైపే వెళ్లింది. సౌత్ కరోలినా వంతు ఆఖరున వచ్చింది. సైన్యం ఉండగా జరిగింది ఎన్నికే కాదు, ఓటర్ల నమోదు లేదు కాబట్టి చెల్లదు అని డెమొక్రాట్లు వాదించారు. కమిషన్ ఒప్పుకోలేదు. 1877 మార్చి 2 తెల్లవారుజామున హేస్ 185, టిల్డెన్ 184 అని ప్రకటించారు.

ఆ ప్రకటనకు కొద్ది రోజుల ముందు వాషింగ్టన్‌లోని వార్మ్లీ హోటల్లో హేస్ మనుషులు, దక్షిణాది డెమొక్రాట్లు కూర్చుని మాట్లాడుకున్నారు. లెక్కింపును అడ్డుకోవడం మానితే దక్షిణాదిలో సభా భవనాల కాపలా నుంచి సైన్యాన్ని తీసేస్తామన్నది సారాంశం. ఆ హోటల్ యజమాని జేమ్స్ వార్మ్లీ నల్లజాతివాడు. అది లిఖిత ఒప్పందమా, నోటి మాటా, ముందే మనసులో ఉన్నదాన్ని బయటికి చెప్పడమా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే సంగతి. ఫలితం మీద వాదన లేదు. ఏప్రిల్ 10న సైనికులు కొలంబియా సభా భవనం నుంచి బయటికి నడిచారు, మర్నాడు హ్యాంప్టన్ మనుషులకు ఆఫీసు అప్పగించారు. ప్రాణాలకు తెగించి రిపబ్లికన్ చీటీ పట్టుకెళ్లిన 91 వేల మంది ఇచ్చిన ఏడు ఎలక్టర్ ఓట్లతో గద్దెనెక్కిన హేస్, ప్రమాణం చేసిన అయిదు వారాలకే వాళ్లను వదిలేశాడు. అలసిపోయిన ఉత్తరాదిని ఆయన కూడగట్టలేకపోయాడని కొందరు సమర్థిస్తారు. నాకు ఆ సమర్థన సరిపోదు.

తర్వాతిదంతా అంకెలే చెప్తాయి. 1880లో రాష్ట్రంలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థికి వచ్చినవి సుమారు 58 వేలు. 1882లో ఒక్కో పదవికి ఒక్కో పెట్టె పెట్టి, చదువురానివాడు తప్పు పెట్టెలో వేస్తే ఓటు చెల్లదనే చట్టం తెచ్చారు. 1884లో ఆ ఓట్లు 22 వేల లోపుకు పడ్డాయి. 1895లో టిల్‌మన్ చొరవతో కొత్త రాజ్యాంగం రాసి చదువు పరీక్షలు పెట్టారు. ఆ సభలో ఆరుగురే నల్లజాతి సభ్యులు. వాళ్లలో రాబర్ట్ స్మాల్స్ ఒకరు. బానిసగా ఉండగా 1862లో చార్లెస్టన్ రేవు నుంచి శత్రు ఓడనే నడుపుకుంటూ పారిపోయిన మనిషి, 1876లో టిల్‌మన్ అన్ననే ఓడించి కాంగ్రెస్‌కు వెళ్లిన మనిషి. ఆయన ఎంత వాదించినా ఆగలేదు. 1900లో రిపబ్లికన్ ఓటు నాలుగు వేలు కూడా లేదు. సౌత్ కరోలినాలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మళ్లీ గెలిచింది 1964లో, అప్పటికి ఆ పార్టీకి ఓటేసినవాళ్లు వేరు, కారణాలూ వేరు.

హ్యాంబర్గ్ ఊరు ఇప్పుడు లేదు, 1929 వరదలతో ఖాళీ అయిపోయింది. పక్కనే ఉన్న నార్త్ అగస్టాలో 1916లో ఒక రాతి స్తంభం నిలబెట్టారు, ఆ రాత్రి చనిపోయిన ఒకే ఒక్క తెల్ల యువకుడి పేరు మీద. మిగతా ఏడుగురి పేర్లు కూడా ఒక రాతి మీద చెక్కి నిలబెట్టడానికి ఇంకో నూరేళ్లు పట్టింది, 2016 దాకా.